టిప్పర్‌లోనూ ఆరే.. బీఎండబ్ల్యూలోనూ ఆరే!

సైలెన్సర్ మార్చాలని చాలామందికి సరదా. ఆ గొట్టం వెనక ఉన్న లెక్క తెలిసినవాళ్లకి మాత్రం అది ఉద్యోగం.

కాళేశ్వరం వెళ్లే దారిలో, మహదేవ్‌పూర్ దగ్గర ఏదో ఒక టీ హోటల్ ముందు పావుగంట నిలబడండి. రెండు రకాల బండ్లు మీ ముందు నుంచి పోతాయి. ఒకటి గోదావరి ఇసుక నింపుకున్న టిప్పర్. రెండోది కాళేశ్వర ముక్తీశ్వర స్వామి దర్శనానికి హైదరాబాద్ నుంచి వచ్చిన కారు. ఆ కార్లలో ఎప్పుడైనా ఒక బీఎండబ్ల్యూ ఎం340ఐ ఆగిందా, నలుగురు కుర్రాళ్లు చుట్టూ చేరి ఫొటోలు దిగుతారు. పక్కనే పొగలు కక్కుతున్న టిప్పర్ వైపు ఒక్కరూ తిరిగి చూడరు.

బానెట్ ఎత్తి చూస్తే మాత్రం ఇద్దరూ చుట్టాలే. చాలా భారీ టిప్పర్లలో ఉన్నదీ, ఆ కారులో ఉన్నదీ ఒకే అమరిక. ఒకే వరుసలో ఆరు సిలిండర్లు. ఇన్‌లైన్ సిక్స్ అంటారు. ఫైరింగ్ ఆర్డర్ కూడా ఒకటే: 1-5-3-6-2-4. ఒకటి డీజిల్, ఇంకోటి పెట్రోల్. ఒకటి 1500 ఆర్‌పీఎం దగ్గర సుఖంగా లాగుతుంది, ఇంకోటి 6000 దాటినా పాడుతూనే ఉంటుంది. ఈ తేడా ఎక్కడి నుంచి వస్తుందో అర్థమైతే హెడర్ల గురించీ, ట్యూనింగ్ గురించీ సగం తెలిసినట్టే. మిగతా సగం కొలవడం. కంపెనీలు జీతం ఇచ్చేది ఆ రెండో సగానికే.

మెకానికల్ వాళ్లకే కదా అని ఈసీఈ, ఈఈఈ వాళ్లు పేజీ తిప్పేయకండి. ఈ రంగంలో మీకూ సమానంగా చోటుంది.

మన రోడ్ల మీది 'సిక్స్'

ఇన్‌లైన్ సిక్స్ అనగానే యూట్యూబ్‌లో టయోటా సుప్రా, నిస్సాన్ స్కైలైన్ వస్తాయి. సుప్రాలోని 2జేజెడ్ ఇంజిన్ 2997 సీసీ, స్కైలైన్ జీటీ-ఆర్‌లోని ఆర్‌బీ26 ఇంజిన్ 2568 సీసీ. రెండూ గొప్పవే. కానీ మన దగ్గర ఈ ఇంజిన్ చరిత్ర లారీ షెడ్డులోనే ఉంది. టాటా వాళ్లు డైమ్లర్-బెంజ్ సాయంతో 1954లో లారీలు మొదలుపెట్టినప్పుడే ఆరు సిలిండర్ల డీజిల్‌తో వచ్చారు. తర్వాత దేశమంతా తిరిగిన టాటా 697 ఇంజిన్ పేరు ఒకసారి విడదీసి చూడండి. 6 అంటే సిలిండర్ల సంఖ్య, 97 అంటే మిల్లీమీటర్లలో బోర్. వరంగల్‌లోనో పరకాలలోనో పాత లారీ మెకానిక్‌ని అడిగితే 697 గురించి కథలు కథలుగా చెబుతాడు.

దాని స్ట్రోక్ 128 మిల్లీమీటర్లు. బోర్ 9.7 సెంటీమీటర్లు అంటే వైశాల్యం సుమారు 73.9 చదరపు సెంటీమీటర్లు. దాన్ని 12.8తో, తర్వాత ఆరుతో గుణించండి. 5675 సీసీ వస్తుంది. ఈ చిన్న లెక్క ఇంటర్వ్యూలో నోటితో చెయ్యగలగాలి. అభ్యాసానికి ఇంకోటి: జంషెడ్‌పూర్‌లో టాటా కమిన్స్ తయారుచేసిన 5.9 లీటర్ల బీ-సిరీస్ ఇంజిన్ బోర్ 102, స్ట్రోక్ 120. భారత్‌బెంజ్ పెద్ద టిప్పర్లలో ఉండే 7.2 లీటర్ల ఇంజిన్ బోర్ 106, స్ట్రోక్ 136. మీరే చేసి చూసుకోండి.

బీఎండబ్ల్యూ సంగతికొస్తే, ఆ కంపెనీ అసలు విమాన ఇంజిన్లతో మొదలైంది. 1917 నాటి దాని త్రీఏ విమాన ఇంజిన్ కూడా వరుస ఆరే. కారులోకి ఆరు సిలిండర్లు 1933లో 303 మోడల్‌తో వచ్చాయి. ఇప్పటి ఎం340ఐలో ఉన్నది బీ58 అనే 2998 సీసీ టర్బో ఇంజిన్. దీని మీద ట్విన్‌పవర్ టర్బో అని రాసి ఉంటుంది కాబట్టి రెండు టర్బోలని చాలామంది అనుకుంటారు. టర్బో ఒక్కటే. రెండు దారులున్న ఒక్క టర్బో. ఆ రెండు దారులు ఎందుకో కాసేపట్లో చూద్దాం.

ఇంతకీ ఆరు సిలిండర్లే ఎందుకు? ముందు మూడు, వెనక మూడు అద్దంలో బొమ్మల్లా కదులుతాయి. పిస్టన్లు పైకీ కిందకీ కొట్టుకునే బలాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. బ్యాలెన్స్ షాఫ్టులు అక్కర్లేదు. అందుకే ఆ ఇంజిన్ అంత నున్నగా తిరుగుతుంది.

సంగమం దగ్గర వెనక్కి ఎగదన్నే నీరు

ఇక గొట్టాల దగ్గరికి వద్దాం. పొయ్యి మీంచి పొగ లేచినట్టు ఇంజిన్‌లోంచి పొగ నిదానంగా బయటికి రాదు. ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకునే సమయానికి సిలిండర్‌లో ఒత్తిడి ఇంకా బయటి గాలికంటే చాలా ఎక్కువ. వాల్వ్ కొంచెం తెరుచుకోగానే వాయువు ఒక్క దెబ్బలా గొట్టంలోకి దూకుతుంది. ఆ దెబ్బతో ఒక ఒత్తిడి అల పుడుతుంది. వేడి వాయువులో ధ్వని వేగం ఎక్కువ. 600 డిగ్రీల దగ్గర సెకనుకు సుమారు 580 మీటర్లు. మన చుట్టూ ఉన్న గాలిలో 340 చిల్లరే కదా.

ఒక్కో సిలిండర్ నుంచి ఒక్కో గొట్టం వచ్చి ఒకచోట కలుస్తాయి. మామూలు కార్లలో ఆ పని చేసేది పోత ఇనుముతో చేసిన పొట్టి మేనిఫోల్డ్. దాని బదులు ఒక్కో సిలిండర్‌కి విడిగా, పొడవు లెక్కగట్టి, స్టీలు గొట్టాలు వెల్డింగ్ చేసి కలిపితే దాన్ని హెడర్ అంటారు. గొట్టాలన్నీ కలిసేచోటు పేరు కలెక్టర్.

కాళేశ్వరంలో ప్రాణహిత గోదావరిలో కలిసేచోట వానాకాలంలో నిలబడినవాళ్లకి కలెక్టర్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఒక నదికి వరద వచ్చినప్పుడు రెండోదాని నీళ్లు ముందుకు పోలేక వెనక్కి ఎగదన్నుతాయి. గొట్టాల్లోనూ అంతే. ఒక సిలిండర్ దెబ్బ కలెక్టర్‌కి చేరే సమయానికి పక్క సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వ్ తెరిచే ఉందనుకోండి, ఆ దెబ్బ దాంట్లోకి ఎగదన్నుతుంది. కాలిపోయిన వాయువు మళ్లీ లోపలికి పోతుంది. ఆ మేరకు కొత్త గాలికి చోటు తగ్గుతుంది, పికప్ పడిపోతుంది.

నది దగ్గర కుదరనిది గొట్టం దగ్గర ఒకటుంది. ఒత్తిడి అల కలెక్టర్ దగ్గర హఠాత్తుగా ఖాళీ దొరకగానే కొంత భాగం వెనక్కి తిరుగుతుంది. అప్పుడది నెట్టే అల కాదు, లాగే అల. ఎగ్జాస్ట్ వాల్వ్ ఇంకా మూసుకోక, ఇన్‌టేక్ వాల్వ్ అప్పుడే తెరుచుకుంటున్న క్షణానికి అది వాల్వ్ దగ్గరికి చేరిందా, మిగిలిన పొగను బయటికి లాగేస్తుంది. కొత్త గాలినీ లోపలికి రప్పిస్తుంది. స్కావెంజింగ్ అనే మాటకి అర్థం ఇదే. గొట్టం పొడవు పెంచితే ఆ అల ఆలస్యంగా వస్తుంది, తగ్గిస్తే తొందరగా వస్తుంది. హెడర్ ట్యూనింగ్ అంటే ముందుగా ఈ టైమింగ్ కుదర్చడమే. గొట్టం వ్యాసం, కలెక్టర్ ఆకారం ఆ తర్వాతి సంగతులు.

ఇప్పుడు ఫైరింగ్ ఆర్డర్‌ని మళ్లీ చూడండి. 1-5-3-6-2-4. ముందున్న మూడు సిలిండర్లు 1, 2, 3. వెనకవి 4, 5, 6. ఆర్డర్‌లో ముందుది ఒకటి, వెనకది ఒకటి, మళ్లీ ముందుది... అలా మార్చి మార్చి వస్తున్నాయి కదా. ఇంజిన్ మొత్తంలో ప్రతి 120 డిగ్రీలకి ఒక దెబ్బ. ముందు మూడింటిని ఒక గొట్టానికీ, వెనక మూడింటిని ఇంకో గొట్టానికీ కలిపితే ఒక్కో గొట్టంలో 240 డిగ్రీలకి ఒక దెబ్బ. ఎగ్జాస్ట్ వాల్వ్ తెరిచి ఉండేది కూడా దాదాపు అంతసేపే. ఒకరు పని ముగించుకుని వెళ్తుంటే ఇంకొకరు వస్తారు. గొడవ చాలావరకు పోయింది.

నాలుగు సిలిండర్లకి ఇంత సుఖం లేదు. అక్కడ ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2 కాబట్టి జోడీలు 1తో 4, 2తో 3. ఈ చివరి గొట్టాన్నీ ఆ చివరి గొట్టాన్నీ మెలికలు తిప్పి కలపాలి. ఇన్‌లైన్ సిక్స్‌లో పక్కపక్కన ఉన్న మూడే ఒక జట్టు. ఫ్యాబ్రికేషన్ చేసేవాళ్లు ఈ ఇంజిన్‌ని ఇష్టపడటానికి ఇదొక కారణం.

ప్రశ్న ఒకటే.. జవాబులు రెండు

అయితే టిప్పర్‌కి కూడా మంచి హెడర్ కట్టేస్తే పోలా? లెక్క వేద్దాం. సులువు కోసం అల వేగం సెకనుకు 600 మీటర్లు అనుకోండి.

6000 ఆర్‌పీఎం అంటే సెకనుకు 100 చుట్లు. ఒక చుట్టుకి 10 మిల్లీసెకన్లు. 120 డిగ్రీలంటే అందులో మూడో వంతు, 3.3 మిల్లీసెకన్లు. ఒక సిలిండర్ దెబ్బకీ తర్వాతి సిలిండర్ దెబ్బకీ మధ్య అల 2 మీటర్లు పోతుంది. టిప్పర్ 1500 ఆర్‌పీఎం దగ్గర తిరిగితే ఒక చుట్టుకి 40 మిల్లీసెకన్లు, 120 డిగ్రీలకి 13.3. ఈలోపు అల 8 మీటర్లు పోతుంది. అంటే కారులో 75 సెంటీమీటర్ల గొట్టం చేసే పని టిప్పర్‌లో చెయ్యాలంటే 3 మీటర్ల గొట్టం కావాలి. అలాంటివి ఆరు! చాసిస్ కింద ఎక్కడ దాస్తారు?

అందుకే డీజిల్ ఇంజినీర్లు వేరే దారి పట్టారు. అలను వెనక్కి తిప్పి లాగించుకోవడం మానేసి, ఆ దెబ్బను అలాగే తీసుకెళ్లి టర్బో చక్రం మీద కొట్టిస్తారు. దారిలో దెబ్బ చప్పబడకుండా మేనిఫోల్డ్ పొట్టిగా, లోపల ఖాళీ తక్కువగా ఉండాలి. 1, 2, 3 సిలిండర్లు టర్బోలో ఒక ద్వారానికి, 4, 5, 6 ఇంకో ద్వారానికి. బీ58లో రెండు దారుల టర్బో అన్నది కూడా ఇదే పంపకం. ఇసుక లారీకీ ఆ ఖరీదైన కారుకీ టర్బో ముందు బుర్ర ఒకటే.

టర్బో లేని ఇంజిన్ అయితే హెడర్‌దే రాజ్యం. 2000 తర్వాత వచ్చిన బీఎండబ్ల్యూ ఎం3లోని ఎస్54 ఇంజిన్ దీనికి మంచి పాఠం. 3246 సీసీ, టర్బో లేదు, 7900 ఆర్‌పీఎం దగ్గర 343 హార్స్‌పవర్. దానికి కంపెనీయే స్టీలు గొట్టాల హెడర్లు ఇచ్చింది, మూడేసి సిలిండర్లకి ఒకటి చొప్పున. ఇలాంటి ఇంజిన్‌కి బయటి హెడర్ కొని పెట్టినవాళ్లకి మిగిలేది కొసరే. అసలుది కంపెనీ ముందే తీసేసుకుంది.

చెవికి వినిపించే తేడా కూడా ఈ లెక్కలోనే ఉంది. నాలుగు స్ట్రోకుల సిక్స్‌లో చుట్టుకి మూడు దెబ్బలు. 6000 దగ్గర సెకనుకు 300, 1500 దగ్గర 75. సంగీతం తెలిసినవాళ్లకి చెప్పాలంటే టిప్పర్ పాడేది అదే స్వరం, రెండు స్థాయిలు కింద.

సుప్రాకి 47 హార్స్‌పవర్ ఎలా పెరిగింది?

కొత్త టయోటా జీఆర్ సుప్రాలో ఇంజిన్ బీఎండబ్ల్యూ వాళ్లదే, మనం చెప్పుకున్న బీ58. అమెరికాలో 2020 మోడల్ 335 హార్స్‌పవర్‌తో వచ్చింది. మరుసటి ఏడాది మోడల్ 382తో వచ్చింది. అంతకుముందు సిలిండర్ హెడ్ నుంచి ఎగ్జాస్ట్ రెండు రంధ్రాల్లోంచి బయటికి వచ్చేది. కొత్తదాంట్లో సిలిండర్‌కొకటి చొప్పున ఆరు రంధ్రాలు, వాటికి రెండు శాఖల మేనిఫోల్డ్. చూశారా, హెడర్ మారిస్తే 47 హార్స్‌పవర్! అని పోస్టు పెట్టేయడానికి ఇది చాలు.

ఆగండి. అదే ఏడాది పిస్టన్లు కూడా మార్చారు. కంప్రెషన్ నిష్పత్తి 11 నుంచి 10.2కి తగ్గించారు. ఈసీయూ ప్రోగ్రామ్ మళ్లీ రాశారు. ఆ 47లో గొట్టాల వాటా ఎంత, పిస్టన్ల వాటా ఎంత, ప్రోగ్రామ్ వాటా ఎంత అని బయటినుంచి విడదీసి చెప్పడం కష్టం. మూడూ ఒకదానికోసం ఒకటి చేసినవి. ఎగ్జాస్ట్ సాఫీగా పోతే గాలి ఎక్కువ ఎక్కించొచ్చు, గాలి ఎక్కువైతే నాకింగ్ భయం, నాకింగ్ రాకుండా కంప్రెషన్ తగ్గించాలి, ఇంధనం, స్పార్క్ టైమింగ్ కొత్తగా సరిచూడాలి. ఇంజిన్‌లో ఒక్కటే మార్చి ఊరుకోవడం అంటూ ఉండదు.

శబ్దం పెరిగింది.. పికప్ పెరిగిందా?

సైలెన్సర్ మార్చిన ప్రతివాడూ బండి లాగుడు పెరిగిందంటాడు. శబ్దం ఎక్కువైతే వేగం ఎక్కువైనట్టు అనిపించడం సహజం. అందుకే డైనమోమీటర్ పుట్టింది. చక్రాలను రోలర్ల మీద తిప్పి టార్క్ కొలిచే యంత్రం. అదీ అబద్ధం చెప్పగలదు, చెప్పించేవాడుంటే.

మన ప్రాంతపు ఉదాహరణే తీసుకుందాం. మే నెలలో కాళేశ్వరం, భూపాలపల్లి వైపు ఎండ 45 డిగ్రీలు తాకుతుంది. 25 డిగ్రీల గాలి సాంద్రత ఘనపు మీటరుకి సుమారు 1.17 కిలోలు. 45 దగ్గర 1.10. ఆరు శాతం తేడా. ఇంజిన్ మింగే గాలి ఆ మేరకు తగ్గుతుంది, పవర్ కూడా దాదాపు అంతే తగ్గుతుంది. బాగా డిజైన్ చేసిన ఇంజిన్‌కి హెడర్ మారిస్తే వచ్చే లాభం కూడా మామూలుగా కొద్ది శాతమే. ఇప్పుడు పాత మేనిఫోల్డ్‌తో మధ్యాహ్నం రెండింటికి ఒక టెస్టు, కొత్త హెడర్‌తో మర్నాడు పొద్దున్నే ఆరింటికి ఇంకో టెస్టు చేశారనుకోండి. గ్రాఫ్‌లో కనిపించే లాభం హెడర్‌దా, చల్లగాలిదా? ఈ గొడవ లేకుండా ఫలితాలను ఒకే ప్రామాణిక ఉష్ణోగ్రతకి సవరించే పద్ధతులున్నాయి. ఎస్‌ఏఈ జే1349 అలాంటిదే, దాని ప్రమాణం 25 డిగ్రీలు. ట్యూనింగ్ షాపువాళ్లు గ్రాఫ్ చూపిస్తే ముందు అడగాల్సింది సవరణ ఏ పద్ధతిలో చేశారని. సగంమంది ముఖం మారిపోతుంది.

నాకు చాలా ఇష్టమైన ఇంటర్వ్యూ ప్రశ్న ఒకటుంది. కాలిబ్రేషన్‌లో పనిచేసే స్నేహితులు కూడా దీన్ని ఏదో ఒక రూపంలో అడుగుతుంటారు. హెడర్ గాస్కెట్ దగ్గర చిన్న లీకు ఉంది. ఆక్సిజన్ సెన్సర్ ఏం చెబుతుంది? లోపల ఒత్తిడి ఎక్కువ కాబట్టి పొగ బయటికే పోతుంది, సెన్సర్‌కేం కాదు అని చాలామంది తడుముకోకుండా చెప్పేస్తారు. కానీ అల నెట్టడమే కాదు, లాగుతుంది కూడా. ఒత్తిడి తగ్గిన క్షణంలో లీకులోంచి బయటి గాలి లోపలికి వస్తుంది. సెన్సర్‌కి ఆక్సిజన్ ఎక్కువ కనిపిస్తుంది. మిశ్రమంలో పెట్రోల్ తక్కువైందనుకుని ఈసీయూ ఇంకా పెట్రోల్ పోస్తుంది. మైలేజీ పడిపోతుంది. తప్పు ఇంజెక్టర్‌లో ఉందని వెతికేవాడికి అది ఎప్పటికీ దొరకదు.

లీకు ఎందుకొస్తుందో కూడా తెలియాలి. స్టెయిన్‌లెస్ స్టీలు అర మీటరు గొట్టం 700 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 6 మిల్లీమీటర్లు సాగుతుంది. సిక్స్ ఇంజిన్ హెడ్ పొడుగు, కాబట్టి మేనిఫోల్డ్ కూడా పొడుగు. ఒకే ముక్కగా పోత పోస్తే సాగడానికి చోటులేక పగులుతుంది. పెద్ద డీజిల్ ఇంజిన్ల మేనిఫోల్డ్‌ని రెండు మూడు ముక్కలుగా చేసి, ఒకదాంట్లో ఒకటి జారేలా కలపడం అందుకే.

రోడ్డు మీద చెయ్యొద్దు

ఇది చట్టం సంగతి, కాబట్టి సూటిగా. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ ప్రకారం యజమాని అనుమతి లేని మార్పు చేస్తే ఒక్కో మార్పుకి 5000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. బీఎస్6 కార్లలో క్యాటలిటిక్ కన్వర్టర్‌ని ఇంజిన్‌కి చాలా దగ్గరగా పెడతారు. హెడర్ మార్చడమంటే తరచూ దాన్ని పీకేయడమే. డ్యాష్‌బోర్డులో లైటు వెలుగుతుంది, పీ0420 అనే కోడ్ నమోదవుతుంది. వారంటీ, బీమా క్లెయిములకి కూడా చిక్కులొస్తాయి.

చేతులు ఊరుకోనివాళ్లకి సక్రమమైన దారి ఉంది. ఎస్‌ఏఈ ఇండియా నిర్వహించే బాహా, సుప్రా పోటీలు, ఫార్ములా భారత్. ఫార్ములా స్టూడెంట్ నిబంధనల్లో ఇంజిన్ 710 సీసీ దాటకూడదు, పెట్రోల్ ఇంజిన్ మింగే గాలంతా 20 మిల్లీమీటర్ల రంధ్రంలోంచే పోవాలి, శబ్దానికీ పరిమితి ఉంది. ఇన్ని కట్టుబాట్ల మధ్య టార్క్ రాబట్టాలంటే ఎగ్జాస్ట్ పొడవు లెక్కగట్టక తప్పదు. అక్కడ సిక్స్ ఉండదు, ఎక్కువగా బైక్ ఇంజిన్ ఉంటుంది. అల మాత్రం అదే.

ఉద్యోగం పేరు: కాలిబ్రేషన్ ఇంజినీర్

ఇంజిన్ ఈసీయూలో ఉండేది ప్రధానంగా పట్టికలు. అడ్డం వరుసలో ఆర్‌పీఎం, నిలువు వరుసలో లోడ్, గడిలో ఒక అంకె. స్పార్క్ ఎప్పుడు ఇవ్వాలి, పెట్రోల్ ఎంత పొయ్యాలి, టర్బో ఒత్తిడి ఎంత ఉండాలి. ఇలాంటి పట్టికలు వేలల్లో ఉంటాయి. గొట్టం పొడవు మారితే ఏ ఆర్‌పీఎం దగ్గర ఎంత గాలి వస్తుందో మారిపోతుంది, పట్టిక మళ్లీ నింపాలి. ఆ అంకెలు నింపి, అవి చలిలో, ఎండలో, ఘాట్ రోడ్డులో నిలబడతాయని రుజువు చేసేవాళ్లే కాలిబ్రేషన్ ఇంజినీర్లు. ఈ పనిలో ఇంకా, క్యానేప్, మ్యాట్‌ల్యాబ్ లాంటి సాఫ్ట్‌వేర్లు రోజూ వాడతారు. ఇక్కడ ఇంకా అన్నది ఎటాస్ కంపెనీ టూల్ పేరు, తెలుగు మాట కాదు! ఎంబెడెడ్ సిస్టమ్స్, క్యాన్ ప్రోటోకాల్, పైథాన్‌తో డేటా విశ్లేషణ తెలిసిన ఈసీఈ, ఈఈఈ వాళ్లు ఈ టీముల్లో చేరేది అందుకే.

దీనికి అటూ ఇటూ ఇంకా ఉద్యోగాలున్నాయి. గొట్టాల్లో అలలను కంప్యూటర్‌లో అనుకరించే సిమ్యులేషన్ ఇంజినీర్లు జీటీ-పవర్ లాంటివి వాడతారు. శబ్దం, కంపనం చూసే ఎన్‌వీహెచ్ వాళ్లున్నారు. టెస్ట్ సెల్‌లో ఇంజిన్‌ని గంటల తరబడి తిప్పేవాళ్లున్నారు. హైదరాబాద్‌లో హ్యుందాయ్ మోటార్ ఇండియా ఇంజినీరింగ్, జెడ్‌ఎఫ్ టెక్నాలజీ సెంటర్ ఉన్నాయి. అచ్చంగా ఇంజిన్ పని కావాలంటే మాత్రం ఊరు దాటాల్సిందే. పుణెలో కమిన్స్ టెక్నికల్ సెంటర్, ఏఆర్‌ఏఐ. చెన్నైలో అశోక్ లేలాండ్, ఒరగడంలో భారత్‌బెంజ్ లారీలు చేసే డైమ్లర్, జీఏఆర్‌సీ. బెంగళూరులో బాష్, మెర్సిడెస్-బెంజ్ ఆర్‌అండ్‌డీ. హైదరాబాద్ దాటను అని ముందే గీత గీసుకుంటే ఈ రంగంలో అవకాశాలు బాగా తగ్గుతాయి, అది దాచను.

డిప్లొమా, ఐటీఐ వాళ్లకి దారి వేరు, చిన్నదేం కాదు. బీఎస్6 వచ్చాక లారీ షెడ్డులో స్పానర్‌తో పాటు ల్యాప్‌టాప్ కూడా కావాల్సి వచ్చింది. డీపీఎఫ్ ఎందుకు మూసుకుపోయింది, యాడ్‌బ్లూ వ్యవస్థ ఎందుకు ఎర్రర్ ఇస్తోంది అని కోడ్ చదివి చెప్పగలిగేవాళ్లు కావాలి. ఇసుక, బొగ్గు తిరిగే మన జిల్లాల్లో ఆ అవసరం కళ్లముందే ఉంది. అప్రెంటిస్‌షిప్ కోసం ఎన్ఏటీఎస్, ఐటీఐ అయితే ఎన్ఏపీఎస్ పోర్టల్ చూస్తుండండి. స్టెయిన్‌లెస్ గొట్టానికి లోపల ఆర్గాన్ నింపి టిగ్ వెల్డింగ్ చెయ్యడం వచ్చినవాళ్లకి ఆటోమొబైల్‌లోనే కాదు, ఫార్మా పైపింగ్‌లోనూ పని ఉంది. ప్రభుత్వ కొలువు కావాలంటే అసిస్టెంట్ మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టర్. 2022 చివర్లో మన పబ్లిక్ సర్వీస్ కమిషన్ 113 పోస్టులకి నోటిఫికేషన్ ఇచ్చింది. ఆటోమొబైల్ సబ్జెక్టుతో పాటు డ్రైవింగ్ లైసెన్స్ షరతులు కూడా ఉంటాయి, నోటిఫికేషన్ జాగ్రత్తగా చదవాలి.

ఈవీలు వస్తుంటే పొగ గొట్టం చదవడమేంటి అంటారేమో. కార్లలో మార్పు వేగంగానే ఉంది. బరువు లాగే బండ్లలో అంత తొందరగా తేలేలా లేదు. అశోక్ లేలాండ్, రిలయన్స్ కలిసి 2023 ఫిబ్రవరిలో హైడ్రోజన్‌ని ఇంజిన్‌లోనే మండించే లారీని చూపించాయి. టాటా కూడా అలాంటి లారీలను పరీక్షిస్తోంది. పైగా ఈవీ మోటార్ కంట్రోలర్‌లోనూ ఉండేవి పట్టికలే. గడిలో స్పార్క్ టైమింగ్ బదులు కరెంటు ఉంటుంది.

రూపాయి మార్పు లేకుండా ఒక ప్రాజెక్టు

ఫైనల్ ఇయర్‌లో రెడీమేడ్ ప్రాజెక్టు కొనే బదులు ఇది చెయ్యండి. ఇంట్లోనో, తెలిసినవాళ్ల దగ్గరో ఉన్న పెట్రోల్ కారుకి చవకైన ఓబీడీ డాంగిల్ తగిలించండి. బండిలో ఏమీ మార్చడం లేదు కాబట్టి చట్టంతో పేచీ లేదు. ఇన్‌టేక్ ఉష్ణోగ్రత, మేనిఫోల్డ్ ఒత్తిడి, ఆర్‌పీఎం, ఆక్సిజన్ సెన్సర్ రీడింగులు ఫోన్‌లో రికార్డు చెయ్యండి. ఒకే రోడ్డు, ఒకే గేరు, ఒకే వేగం. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, కనీసం పది రోజులు. ఒకరు నడపాలి, ఇంకొకరు ఫోన్ చూడాలి. ఒత్తిడిని 287తోనూ, కెల్విన్‌లో ఉష్ణోగ్రతతోనూ భాగిస్తే సాంద్రత వస్తుంది. ఎండకి మీ ఇంజిన్ ఎంత గాలి పోగొట్టుకుంటోందో మీ సొంత గ్రాఫ్ చెబుతుంది. నేను పైన చెప్పిన ఆరు శాతం మీకు రాకపోవచ్చు. బానెట్ కింద వేడి బయటి ఎండతో సమానంగా ఉండదు. ఎందుకు రాలేదో రాయడమే రిపోర్టులో మంచి భాగం అవుతుంది.

ఇంకో మెట్టు ఎక్కాలనుకుంటే స్పీడ్యుయినో అనే ఓపెన్ సోర్స్ ఈసీయూ ఉంది, ఆర్డుయినో మెగా బోర్డు మీద నడుస్తుంది. కాలేజీ ల్యాబ్‌లో మూలన పడున్న పాత ఇంజిన్‌కి లెక్చరర్ అనుమతితో బిగించొచ్చు. గొట్టాల్లో అలల సిమ్యులేషన్‌కి స్పెయిన్‌లోని వాలెన్సియా పాలిటెక్నిక్ విశ్వవిద్యాలయం వాళ్ల ఓపెన్‌వామ్ ఉచితంగా దొరుకుతుంది. ఏ లారీ షెడ్డులోనైనా పగిలిన 697 మేనిఫోల్డ్ ఒకటి పాత ఇనుము కింద పడుంటుంది. అడిగితే కొలవనిస్తారు. ఒక్కో సిలిండర్ నుంచి టర్బో దాకా ఉన్న పొడవు, లోపలి వ్యాసం నోట్‌బుక్‌లో ఎక్కించండి. పగులు ఏ సిలిండర్ దగ్గర వచ్చిందో ఫొటో తీసి, ఎక్కువగా అక్కడే ఎందుకొస్తుందో మెకానిక్‌ని అడగండి. ఆయన చెప్పిన కారణం, మీ లెక్కలో తేలిన కారణం పక్కపక్కన రాయండి. రెజ్యూమెలో 'ఆటోమొబైల్స్ అంటే ఆసక్తి' అనే వాక్యం కొట్టేసి, ఆ చోట ఈ ప్రాజెక్టు పేరు, కొన్ని అంకెలు పెట్టండి.